బయట మా అత్తగారున్నారు, ఆమెనడగండి

మాకు మలయ్ భాష నేర్పిన అయ్యవారు పోయారు. మొన్న పొద్దున కూరగాయలకని వెళ్ళిన మా అత్తగారు ఖాళీ సంచీతో తిరిగి వచ్చి, గడపలోనే నిలబడి ఆ కబురు చెప్పారు.

"అమ్మాయ్, మన అయ్యోరు పోయినారంట. మాధవరం పాలాయన చెప్పినాడు. పెరుగన్నం తిని పడుకున్న మనిషి మళ్ళా లేవలేదంట. ఎవుర్నీ కష్టపెట్టలా, తానూ కష్టపడలా."

అది వినగానే నాకు ముందు హమ్మయ్య అనిపించింది. ఏడుపు తరువాత వచ్చింది. పోయినవారి గురించి అలా అనుకోవచ్చో లేదో నాకు తెలియదు. పోయిన నెలలోనే మేమిద్దరం మాధవరం వెళ్ళి ఆయనను చూసి వచ్చాము. ఆయనకు చెప్పవలసింది చెప్పేశాను. చెప్పకముందే ఆయన పోయి ఉంటే ఆ మాట నాలోనే ఉండిపోయేది.

అత్తగారు "మన అయ్యోరు" అన్నారు. నిజానికి తరగతిలో పేరు ఇచ్చి చేరింది నేను. ఆమె బయట వరండాలో కూర్చునేవారు. అయినా ఆయన మా ఇద్దరికీ అయ్యవారే. అది ఎలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మద్రాసు చూలై పేటలో మాది గోనె సంచుల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. నేను కోడలుగా వచ్చేనాటికి అయిదో తరగతి వరకే చదివాను. ఆ తరువాత మా అమ్మకు జబ్బు చేసి నన్ను బడి మాన్పించారు. చదువు పోయినందుకు నేను పెద్దగా బాధపడలేదు. బడిలో లేచి నిలబడి పాఠం అప్పజెప్పడం తప్పిందని సంతోషించాను కూడా. కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు రాదు. కుళాయి దగ్గర ఎవరైనా నా బిందె పక్కకు జరిపితే వాళ్ళు పట్టుకుని పోయేదాకా నిలబడి చూసేదాన్ని. "దీనికి నోరుండాదో లేదో బువ్వ తినేటప్పుడు చూసి తెలుసుకోవాల" అని అత్తగారు వేళాకోళం చేసేవారు.

పెళ్ళయిన కొద్దికాలానికే మా ఆయన మలేసియాలోని పినాంగుకు ఓడ ఎక్కారు. అక్కడ అత్తగారి తమ్ముడికి పచారీ అంగడి ఉంది. అందులో పనికి కుదిరి, కుదురుకున్నాక నన్ను పిలిపించుకుంటానన్నారు. కాని ఆ తమ్ముడు, మా పినాంగు మామ, ఒక షరతు పెట్టారు. అంతకుముందు ఆయన సొంత కోడలు నెల్లూరు నుంచి వెళ్ళి, అక్కడి భాష రాక, వీధిలోకి రావడానికి భయపడి, వెనక గదిలో ఏడ్చి ఏడ్చి పుట్టింటికి తిరిగి వచ్చేసింది. ఇంకొక పిల్లను అలా చూడలేనన్నారు. ఈ అమ్మాయి నాలుగు మాటలు మలయ్‌లో మాట్లాడగలదని తెలిసినవాళ్ళెవరైనా పరీక్ష పెట్టి చెప్పాలి. అప్పుడే ఓడ టికెట్టు పంపుతానన్నారు.

ఆయన మాటలో తప్పు లేదు. కాని నాకు మాత్రం ఇక నేను మా ఆయన దగ్గరికి వెళ్ళనన్నమాట అని తేలిపోయింది. తెలుగులోనే మాట్లాడలేనిదాన్ని, ఎప్పుడూ వినని భాషలో ఎలా మాట్లాడతాను?

మామగారు ఎవరెవరినో అడిగి తెలుసుకుని వచ్చారు. సముద్రం ఎదుట ఉన్న విశ్వవిద్యాలయంలో సాయంత్రం పూట మలయ్ తరగతి ఒకటి ఉందన్నారు. ఏమీ రానివాళ్ళకు మొదటి మాట నుంచి చెబుతారట. ముందు ఏమి చదివావని అడగరట. చివర నోటి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారట. నోటి పరీక్ష అనగానే నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వయసులో ఉన్న కోడలిని సాయంత్రం పూట ఒంటరిగా సముద్రం ఒడ్డుకు పంపడం మా ఇళ్ళలో లేదు. అందుకని అత్తగారు తోడు వచ్చారు. ఒక చేతిసంచీలో మంచినీళ్ళు, వక్కాకు, అడకత్తెర పెట్టుకుని బస్సు ఎక్కేవారు. తరగతి గది బయట వరండాలో కిటికీ కింద చీర కొంగు దులిపి కూర్చునేవారు. లోపల నేను, కిటికీ కింద ఆమె వక్కలు కత్తిరిస్తున్న చప్పుడు.

తరగతిలో ఓడల ఆఫీసు గుమాస్తాలు కొందరు, కాలేజీ కుర్రవాళ్ళు కొందరు ఉండేవారు. మలేసియాలో ఉద్యోగం వచ్చిన ఒక నర్సు ఎన్నూరు నుంచి వచ్చేది. ఆమె నా పక్కన కూర్చునేది. అందరూ తమిళంలో మాట్లాడుకునేవారు. అయ్యవారు కూడా పాఠం తమిళంలోనే చెప్పి, నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా తెలుగులో మళ్ళీ చెప్పేవారు. ఆయన పుట్టింది మలయాలో, రబ్బరు తోటలో. తల్లిదండ్రులు తెలుగువాళ్ళు. పెద్దయ్యాక మద్రాసు వచ్చి స్థిరపడ్డారు. పొట్టి మనిషి. చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగకుండా ఉండేది, కాళ్ళకు మాత్రం రబ్బరు చెప్పులు. బోర్డు తుడవడానికి ఇంటి నుంచి తడిగుడ్డ ఒకటి చిన్న డబ్బాలో పెట్టి తెచ్చుకునేవారు. సుద్దపొడి మా ముఖాల మీద పడకూడదని.

మొదటి రోజు ఆయన బోర్డు మీద కొన్ని మాటలు రాసి, ఒక్కొక్కటే చదివారు. బహాసా అంటే భాష. గురు అంటే గురువు. ముకా అంటే ముఖం. కపాల్ అంటే ఓడ. కెడై అంటే అంగడి. "ఇది ఏ దేశపు భాష?" అని తమిళంలో అడిగారు. ఒక గుమాస్తా, "కపాల్, కెడై మా ఇంట్లో తమిళమే సార్" అన్నాడు. అందరూ నవ్వారు. అయ్యవారు నా బెంచీ దగ్గరికి వచ్చి, "చూడమ్మా, నువ్వు ఆ ఊరికి పోకముందే నీకు తెలిసినవాళ్ళు కొందరు ఆడ పోయి కూర్చున్నారు. పోయి పలకరించడమే నీ పని" అన్నారు.

ఆ మాటతో నాకు కొంత ధైర్యం వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు. ఆయన ఒక్కొక్కరినీ లేపి, నీ పేరేమిటి, మీ నాన్న పేరేమిటి అని మలయ్‌లో అడుగుతూ వచ్చారు. పెళ్ళయినవాళ్ళను భర్త పేరు, భార్య పేరు అడిగారు. నర్సు టక్కున చెప్పేసింది. నా వంతు వచ్చింది. నా పేరు చెప్పాను, ఎవరికీ వినపడలేదు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని, "గట్టిగా వద్దమ్మా, వినిపిస్తే చాలు" అన్నారు. మళ్ళీ చెప్పాను. తరువాత, "సియాపా నామా సువామి?" అన్నారు. నీ భర్త పేరేమిటి అని.

మా ఇళ్ళలో భార్య భర్త పేరు పలకదు. ఎవరైనా అడిగితే పక్కనున్నవాళ్ళ వంక చూస్తాము, వాళ్ళు చెబుతారు. రేషను కార్డు రాయడానికి వచ్చినవాళ్ళు కూడా ఆ సంగతి తెలిసి పక్కవాళ్ళను అడిగేవారు. అక్కడ నా పక్కన నర్సు ఉంది. ఆమెకు మా ఆయన పేరు ఎలా తెలుస్తుంది? తల దించుకుని నిలబడ్డాను. అర్థం కాలేదేమోనని అయ్యవారు మళ్ళీ అడిగారు. వెనక నుంచి ఒక కాలేజీ కుర్రవాడు, "పేరు మరిచిపోయింది పాపం, ఊరికి ఉత్తరం రాసి అడగాల" అన్నాడు.

అప్పుడు కిటికీ కింద నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"నా కొడుకు పేరు నన్నడగండి సార్. అది చెప్పదు. మా ఇంట్లో చెప్పకూడదు."

గది అంతా గొల్లుమంది. అయ్యవారు నవ్వలేదు. "సరి" అని తల ఊపి తరువాతి మనిషి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ రోజు తరువాత తరగతిలో ఆ ప్రశ్న నన్ను మళ్ళీ అడగలేదు. ఆయన నన్ను వదిలేశారనుకున్నాను.

కొన్ని వారాలు నేను వినడమే, పలకడం లేదు. అత్తగారు మాత్రం వరండాలో వక్కలు కత్తిరిస్తూనే మాటలు పట్టేశారు. వంట చేస్తూ నన్ను ఉప్పు అడగాలంటే "గారామ్ ఎత్తుకొని రా" అనేవారు. బెల్లం, చక్కెర అన్నీ "గులా" అయిపోయాయి. మామగారు అన్నం ముందు కూర్చుని, "ఈ ఇంట్లో నాకు కావాల్సింది ఏ భాషలో అడగాలో చెప్పండి, ఆకలవతా ఉండాది" అనేవారు. మలయ్‌లో భార్య భర్తను "అబాంగ్" అని పిలుస్తుందని, అన్నను కూడా అలాగే పిలుస్తారని అయ్యవారు చెప్పిన రోజున మాత్రం అత్తగారు బస్సులో దారి పొడవునా కుదుటపడలేదు. "మొగుణ్ణి అన్నా అంటారంటనే. ఏం మనుషులో ఏమో. నువ్వు ఆడికి పోయి అట్లా పిలిచేవు, నా కొడుకు గుండె ఆగిపోతాది" అన్నారు. ముందు సీటులోని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

అయ్యవారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. వారానికి ఒకరోజు సంత. ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి ఏదో ఒక వస్తువు తేవాలి. దాన్ని తరగతిలో మలయ్‌లో అమ్మాలి, మిగతావాళ్ళు మలయ్‌లోనే బేరమాడాలి. పుస్తకంలోని వాక్యాలు వల్లె వేయించడం కంటే ఆయనకు ఇదే ఇష్టం. బేరంలో మనిషికి సిగ్గు గుర్తుండదని చెప్పేవారు. ఎవరు తప్పు మాట్లాడినా మధ్యలో ఆపేవారు కాదు. బేరం ముగిశాక, ఎవరు తప్పు చెప్పారో చెప్పకుండా, సరైన మాటను బోర్డు మీద రాసి ఊరుకునేవారు. తప్పు చేసినవాళ్ళు తమంతట తాము గుర్తుపట్టుకునేవారు.

ఒకసారి నేను మా అంగడి నుంచి మంచి గోనె సంచి ఒకటి తీసుకుని వెళ్ళాను. కొత్త నార, బిగువైన అల్లిక. బల్ల మీద పెట్టి ఊరికే నిలబడ్డాను. మొదటి రోజు నన్ను ఎగతాళి చేసిన కుర్రవాడే లేచి వచ్చాడు. సంచిని అటూ ఇటూ లాగి, ముక్కు చిట్లించి, మలయ్‌లో ఒక ధర చెప్పాడు. చిరిగిన సంచికి కూడా ఎవరూ అంత తక్కువ ఇవ్వరు. పైగా, ఇది పాతది అన్నాడు. గోనె సంచుల ఇంట్లో పుట్టి గోనె సంచుల ఇంట్లో మెట్టినదాన్ని. నాకు ఒళ్ళు మండింది.

"తా బొలే" అన్నాను. కుదరదు అని. "రుగి." నష్టం అని.

ఆ రెండు మాటలూ గది చివరి దాకా వినపడ్డాయి. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆ కుర్రవాడు ఇంకాస్త పెంచాడు. "తా బొలే" అన్నాను మళ్ళీ. కిటికీలో అత్తగారి తల కనిపించింది. "అట్లా అడుగు. దిగొద్దు. ఆ పిల్లోడి జేబులో ఉండాది, నేను చూసినా" అన్నారు. ఈసారి అందరూ నవ్వితే నేను కూడా నవ్వాను. చివరికి నేను చెప్పిన ధరకే కొన్నాడు. అయ్యవారు ఏమీ మెచ్చుకోలేదు. డబ్బాలోంచి తడిగుడ్డ తీసి బోర్డు తుడుచుకుంటూ, "ఇప్పుడు వినిపించింది" అన్నారు.

అప్పటి నుంచి నేను మాట్లాడాను. తప్పులతోనే మాట్లాడాను. తరగతి అయ్యాక బస్సు కోసం నడుస్తూ ఉంటే అయ్యవారు మాతోపాటు నడిచేవారు. గాలి వీస్తే "అంగిన్", సముద్రం వైపు చూపించి "లావుత్". ఉడికించిన శనగల సుండల్ అమ్మే మనిషి ఎదురుపడితే, అతనితో ఏమని బేరమాడతావో మలయ్‌లో చెప్పు అనేవారు. అతను మా ముగ్గురి వంక వింతగా చూసేవాడు.

పరీక్ష దగ్గరపడింది. ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక అయ్యవారు మమ్మల్ని ఉండమన్నారు. అత్తగారిని కూడా లోపలికి పిలిచి బెంచీ మీద కూర్చోమన్నారు.

"పరీక్ష పెట్టేది నేను కాదు. బయట నుంచి మలేసియా మనిషి వస్తాడు. మొదట పేర్లే అడుగుతాడు. నీ భర్త పేరు అడుగుతాడు. ఏం చేస్తావమ్మా?" అన్నారు.

నేను నేల చూపులు చూశాను. ఇన్ని నెలలూ లోపల నన్ను తింటున్నది అదే. మొదటి ప్రశ్నకే నోరు మూతపడితే ఆ తరువాత ఏదీ రాదని నాకు తెలుసు.

అత్తగారు, "ఒక్కసారికి చెప్పేసెయ్యవే. నేనేమీ అనుకోను. నా కొడుకు ఆయుష్షు నీ నోట్లో లేదులే, గట్టిగానే ఉండాడు" అన్నారు.

ఆమె ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. కాని ఆమె ఒప్పుకున్నా నా నాలుక ఒప్పుకోలేదు. ఆ గదిలో ప్రయత్నించాను. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

అయ్యవారు నన్ను బలవంతం చేయలేదు. ఇది మూఢనమ్మకం అనలేదు, చదువుకున్నవాళ్ళు ఇలా ఉండకూడదు అనలేదు. వాళ్ళ అమ్మ సంగతి చెప్పారు. ఆమె మలయాకు వెళ్ళిన కొత్తలో రబ్బరు తోటలో పొద్దున్నే పనివాళ్ళను వరుసలో నిలబెట్టి పేర్లు రాసుకునేవారట. ఆడవాళ్ళను మొగుడి పేరు చెప్పమనేవారట. అయ్యవారి నాన్న ఆ రోజు జ్వరంతో కూలీల లైనింట్లో పడుకుని ఉన్నారు. చెప్పడానికి పక్కన తెలిసినవాళ్ళు లేరు. ఆమె నోరు విప్పలేదు. రాసేవాడు విసుక్కుని, మొగుడు లేని ఆడది అని రాసుకుని, వరుసలోంచి పక్కకు తోసేశాడు. "మా అమ్మ చెప్పలేక కాదు. చెప్పకూడదు అని చెప్పడానికి ఆ భాషలో ఆమెకు మాట లేదు. ఆ మాట ఆమెకు ఎవరూ నేర్పలా" అన్నారు.

తరువాత ఆయన బోర్డు మీద ఏమీ రాయలేదు. నోటితోనే నేర్పారు. "మాఫ్ తువాన్. ది రుమా కామి, ఇస్తెరి తిదా సెబుత్ నామా సువామి." అంటే, క్షమించండి అయ్యా, మా ఇంట్లో భార్య భర్త పేరు పలకదు. "ఎమా మెర్తువా సాయా అదా ది లువార్. తొలోంగ్ తాన్యా దియా." బయట మా అత్తగారున్నారు, దయచేసి ఆమెనడగండి.

అంత పొడుగు వాక్యాలు నేను ఏ భాషలోనూ పరాయి మనిషితో మాట్లాడి ఎరగను. ఆ సాయంత్రం బస్సు స్టాపు దాకా అదే పాఠం. ఒక మాట ఆయన, ఒక మాట నేను, తప్పిపోతే వెనక నుంచి అత్తగారు. బస్సు వచ్చాక కిటికీ దగ్గరికి వచ్చి, "ఇది బదులు చెప్పలేనప్పుడు చెప్పే మాట అనుకోవద్దు. ఇదే నీ బదులు" అన్నారు.

పరీక్షకు వచ్చిన పెద్దాయన నల్లటోపీ పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరన ఉంచుకుని కూర్చున్నారు. మొహంలో నవ్వు లేదు. అయ్యవారు గది ఆ మూల చేతులు కట్టుకుని నిలబడ్డారు. నా పేరు చెప్పాను. ఊరు చెప్పాను. మూడో ప్రశ్న అదే వచ్చింది.

మాఫ్ తువాన్ అన్నాను. ఆ తరువాత మాటలు ఒకదాని వెనక ఒకటి వాటంతట అవే వచ్చాయి. చివరి దాకా చెప్పేశాను.

పెద్దాయన కళ్ళజోడు తీశారు. నా వంక చూసి, అయ్యవారి వంక చూసి, కుర్చీ వెనక్కి జరిపి లేచారు. తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళారు. కిటికీ కింద కూర్చున్న అత్తగారు వక్కలన్నీ కింద పోసుకుంటూ లేచి నిలబడ్డారు. ఆయన మలయ్‌లోనే, అమ్మా, మీ అబ్బాయి పేరేమిటి అని అడిగారు. అత్తగారు మలయ్‌లోనే చెప్పారు. పేరు చెప్పి ఊరుకోలేదు. అతను నా కొడుకు, మంచివాడు అన్నారు. అప్పటికీ ఆగలేదు.

"మెనంతు సాయా పండై" అన్నారు.

నా కోడలు తెలివైనది అని. ఇన్నేళ్ళలో అత్తగారు ఆ మాట నాతో తెలుగులో అనలేదు. ఇప్పటికీ అనలేదు. ఆ భాషలో ఒక్కసారి అన్నారు, నేను గదిలో నిలబడి విన్నాను.

పెద్దాయన తిరిగి వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు ఆయన మొహంలో నవ్వు ఉంది. మిగతా ప్రశ్నలు ఏమడిగారో, నేనేం చెప్పానో నాకు సరిగా గుర్తు లేదు. ఉల్లిపాయల ధర గురించి ఏదో అడిగినట్టు గుర్తు. అది నాకు బాగానే వచ్చు. బయటికి వచ్చాక అయ్యవారు అత్తగారితో, "మీకు కూడా సర్టిఫికెట్ ఇమ్మని అడగమంటారా అమ్మా?" అన్నారు. "నాకెందుకు సార్ కాగితం. పడిపోయిన వక్కలు ఇప్పించండి చాలు" అన్నారు ఆమె.

పినాంగు మామ మాట నిలబెట్టుకున్నారు. టికెట్టు వచ్చింది. వెళ్ళే ముందు సెలవు తీసుకోవడానికి పోతే అయ్యవారు ఆశీర్వదించి, ఒక్క మాట అడిగారు. "ఆడ మీ అత్తగారు ఉండరు. మరి?" నేను తెల్లబోయాను. ఆయన "ఆలోచించుకో. ఓడలో బోలెడంత తీరిక" అని పంపించేశారు.

అది జరిగి మూడేళ్ళు దాటింది. ఆడపడుచు పెళ్ళికని నేను ఇప్పుడు మద్రాసు వచ్చాను. వచ్చినప్పటి నుంచి అయ్యవారిని చూడాలని ఉండేది, వెళ్ళి ఏమి మాట్లాడాలో తెలియక వాయిదా వేస్తూ వచ్చాను. నా పాత జబ్బు పూర్తిగా పోలేదు. చివరికి అత్తగారే పెళ్ళి పనుల మధ్య, "పద, మళ్ళీ మళ్ళీ చెప్పించుకోకు" అని బస్సు ఎక్కించారు.

మాధవరంలో పాల కాలనీ పక్క వీధిలో ఆయన ఇల్లు. వాకిట్లో మడత కుర్చీలో కూర్చుని ఉన్నారు. చిక్కిపోయారు. కాళ్ళు వాచి ఉన్నాయి. చొక్కా మడత మాత్రం నలగలేదు. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టారు. ఆయన కోడలు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. బాగున్నారా అని నేను తెలుగులో మొదలుపెడితే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, మలయ్‌లో అన్నారు, పినాంగులో దిగిన రోజు ఏం జరిగిందో చెప్పు అని. ఇన్నేళ్ళూ ఆయనకు ఆ ప్రశ్న గుర్తుంది.

చెప్పాను. మలయ్‌లోనే చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, చెవి వెనక చెయ్యి పెట్టుకుని విన్నారు. అయిపోయాక కళ్ళు తెరిచారు. తరువాత, "ఇంకోసారి చెప్పు" అన్నారు. ఇంకోసారి చెప్పాను. ఈసారి నేను ఎక్కడైనా తొందరపడితే, ఆ రోజు నాతో లేని అత్తగారు కూడా మధ్యలో అందుకుని చెప్పారు. ఆయన నవ్వారు. నవ్వుతూ ఉండగానే వస్తామని లేచాము. అదే చివరి చూపు. అందుకే కబురు విన్నప్పుడు హమ్మయ్య అనిపించింది. ఆయన వినకుండా పోలేదు.

ఆయనకు చెప్పింది ఇదే. మీకు కూడా చెబుతాను.

పినాంగు రేవులో ఓడ దిగాక పెద్ద హాలులో వరుసలో నిలబెట్టారు. ఓడలో తోడుగా వచ్చినవాళ్ళు వేరే వరుసలోకి పోయారు. నా వంతు వచ్చింది. బల్ల వెనక యూనిఫాంలో ఉన్న అధికారి నా కాగితాలు తిప్పి చూశాడు. మా ఆయన పేరు అందులో ఉంది. అయినా నా నోటితో చెప్పమన్నాడు. ఎవరి దగ్గరికి వచ్చావు, భర్త పేరేమిటి? చుట్టూ చూశాను. చెప్పడానికి తెలిసిన మొహం ఒక్కటి లేదు. ఓడలో అన్ని రోజులు ఆలోచించి పెట్టుకున్న మాట అప్పుడు తీశాను. మాఫ్ తువాన్, మా ఇంట్లో భార్య భర్త పేరు పలకదు. ఆయన బయట ఉన్నారు. తొలోంగ్ పంగ్గిల్ దియా. దయచేసి ఆయనను పిలవండి.

అధికారి రాసుకోవడం ఆపేశాడు. నా వంక ఒకసారి చూశాడు. కాగితంలోని పేరు ఒకసారి మనసులో చదువుకున్నాడు. తరువాత బల్ల వెనక నుంచి లేచి, హాలు చివర ఇనుప కమ్మీల అవతల కిక్కిరిసి నిలబడ్డ జనం వైపు తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, నేను ఎన్నడూ పలకని ఆ పేరు గట్టిగా పిలిచాడు. పలికిన తీరు కొంచెం వేరుగా ఉంది. హాలంతా వినబడింది. అన్ని తలలూ ఇటు తిరిగాయి. ఆ తలల మధ్య నుంచి, మోచేతి దాకా మడిచిన తెల్లచొక్కా చెయ్యి ఒకటి పైకి లేచింది.